మామ మొహం చదివిన రోజులు

ఆ రోజుల్లో నాకు మనుషుల గురించి తెలియని సంగతంటూ లేదు. ఎవరైనా ముక్కు గోక్కుంటే అబద్ధమాడుతున్నారని తెలుసు. చేతులు కట్టుకుని కూర్చుంటే మన మాట వాళ్ళ చెవికెక్కడం లేదని తెలుసు. నవ్వేటప్పుడు కళ్ళ చివర ముడతలు పడకపోతే అది నవ్వే కాదని కూడా తెలుసు. ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాక ఇవేవీ నాకు తెలియవు. ముక్కు గోక్కునేవాళ్ళకి ముక్కు దురదపెట్టి ఉంటుందని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను. ఇరవై రెండేళ్ళప్పుడు ఉన్న అంత తెలివీ ఎటుపోయిందా అని అప్పుడప్పుడు బెంగగానే ఉంటుంది. కానీ ఆ తెలివి పుణ్యమా అని మా ఇంట్లో ఒక మగ్గం లేచిపోబోయిన సంగతి గుర్తొస్తే, పోతే పోయిందిలే అనిపిస్తుంది.

ఆ తెలివి నాకు వేలూరులో అంటుకుంది. డిగ్రీ అయిన ఏడాదే పాత బస్టాండు దగ్గర ఒక సందులో ఉన్న పుస్తకాల అంగడిలో పనికి కుదిరాను. పొద్దున గుడియాత్తంలో బస్సెక్కితే తొమ్మిదిన్నరకల్లా అంగడి తలుపు తీసే చోట నిలబడి ఉండేదాన్ని. ముందు వరసలో పరీక్షల గైడ్లు, పక్కన వంటల పుస్తకాలు, దేవుడి పుస్తకాలు, అన్నిటికన్నా వెనక, ట్యూబులైటు వెలుగు సరిగ్గా పడని అలమరలో మనుషుల మనసు, నడవడిక, రోజువారీ బతుకు గురించిన పుస్తకాలు ఉండేవి. ఎదుటివాడి కడుపులో ఏముందో కనిపెట్టడం ఎలా, నలుగురినీ మెప్పించడం ఎలా, గొడవలు తీర్చడం ఎలా, అన్నీ తమిళంలో. (తెలుగు చదవడం నాకప్పుడు రాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివింది తమిళం. ఇవాళ ఇది రాస్తున్న అక్షరాలు పెళ్ళయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నవి. ఎక్కడైనా ఒత్తు జారితే పెద్దమనసు చేసుకోండి.)

అంగడి ఓనరుని నేను మనసులో అట్టల సారు అని పిలుచుకునేదాన్ని. ఆయన ప్రాణమంతా పుస్తకాల అట్టల మీదే. బేరాలు లేనప్పుడు ఏ పుస్తకమైనా తీసి చదువుకోవచ్చుగానీ, దాని వెన్ను విరగకూడదని, మళ్ళీ అమ్మేటప్పుడు ఎవరూ ముట్టని పుస్తకంలా ఉండాలని మొదటిరోజే చెప్పారు. అందుకని నేను పుస్తకాన్ని సగమే తెరిచి, తలుపు సందులోంచి పక్కింటిని చూసినట్టు లోపలికి తొంగిచూస్తూ చదివేదాన్ని. ఎడమ పేజీలో ప్రతి వరస చివరా, కుడి పేజీలో ప్రతి వరస మొదలూ మడతలో పడిపోయేవి. అక్కడ ఏముందో నేనే ఊహించి పూరించుకునేదాన్ని. నా శాస్త్రంలో సగం అట్లా పుట్టిందే.

చదివింది ఊరికే పోనిచ్చే రకం కాదు నేను. ఒకరోజు చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్న ఒకాయన అంగడిలోకి వచ్చి, నిట్టూర్చి, గడప దగ్గరే ఆగిపోయాడు. మనసుకి పెద్ద దెబ్బ తగిలిందని క్షణంలో కనిపెట్టేశాను. దుఃఖాన్ని దిగమింగుకోవడం గురించిన పుస్తకాలు మూడు తెచ్చి ఆయన ముందు పెట్టి, అంతా సర్దుకుంటుందని మెత్తగా చెప్పాను. పాపం ఆయన కాట్పాడి బస్సు ఎక్కడ ఆగుతుందో అడగడానికి వచ్చాడు. మొహమాటానికి ఒక పుస్తకం కొనుక్కుని, ఆ బస్సు సంగతి అడగడం కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు. అట్టల సారు నన్ను తెగ మెచ్చుకున్నారు. ఆ మెప్పుతో నాకు పూర్తిగా మతిపోయింది.

ఇక ఇంటి మీద పడ్డాను. మా ఇల్లు గుడియాత్తంలో లుంగీలు నేసేవాళ్ళ వీధిలో. ముందు పెద్ద గదిలో పక్కపక్కనే రెండు గుంటమగ్గాలు, ఒకటి నాయనది, ఒకటి మామది. మామంటే మా అమ్మకి అన్న. పక్క వీధిలో ఆయన ఇంట్లో మగ్గానికి చోటు లేక, నేను పుట్టకముందే తన మగ్గాన్ని మా ఇంట్లో దించాడు. పొద్దున టిఫిను తిని వచ్చి గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే సాయంత్రానికే లేవడం. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్ళు, అదీ రోజుకి ఏ నాలుగుసార్లో. మిగతా మాటలన్నీ మగ్గాలే మాట్లాడుకునేవి. ఒక మగ్గం చప్పుడు ఆగిందంటే కాసేపటికి రెండోది కూడా ఆగేది. ఒకరు టీ తాగకుండా ఇంకొకరు తాగరు.

నాయనని చదవడం నావల్ల కాలేదు. మనిషి మనసు ఎటుందో తెలియాలంటే కాళ్ళ వేళ్ళు ఎటు తిరిగున్నాయో చూడమని పుస్తకంలో రాసి ఉంది. ఆ పుస్తకం రాసినవాడికి గుంటమగ్గం సంగతి తెలిసినట్టు లేదు. మా ఇంట్లో మగవాళ్ళ కాళ్ళు రోజంతా నేలలోపలే ఉంటాయి. నేను రెండుసార్లు నేల మీద బోర్లా పడుకుని గుంటలోకి తొంగిచూస్తే, ఏం పారేసుకున్నావని నాయన అడిగాడు. ఏమీ లేదన్నాను. ఆయన కాసేపు నన్ను చూసి, వేలూరు ఎండలు ఎక్కువైనట్టుండాయని అమ్మతో చెప్పి మళ్ళీ నేతలో పడ్డాడు.

మామ మాత్రం తెరిచిన పుస్తకంలా దొరికాడు. ఆ ఏడు ఎండాకాలం నుంచి ఆయన నడవడిక మారింది. ఇంతకుముందు గేటు దగ్గర్నుంచే నన్ను పలకరించేవాడు. ఇప్పుడు నేను పలకరించేదాకా నోరు తెరవడు. మాట్లాడేటప్పుడు నా కళ్ళలోకి చూడడు, నా చెవి పక్కన ఎక్కడో చూస్తాడు. లోపలికి వచ్చేటప్పుడు తలుపునీ గోడనీ తడుముతూ వస్తాడు. (తప్పుచేసినవాళ్ళు ఏదో ఒకదాన్ని ముట్టుకుంటూ ఉంటారని నా పుస్తకం.) ఒక్కోసారి నన్ను పిలిచి, దారం కండె ఒకటి నా ముందుకు చాపి, "ఏమ్మే, నీ కండ్లు బాగుండాయా చూస్తాను. ఇది నీలమా, నలుపా, చెప్పు" అనేవాడు. నీలం అంటే సంతోషంగా తలూపి తీసుకునేవాడు. సంబంధం లేని ప్రశ్నలు వేసి మాట మార్చడం దాపరికం ఉన్నవాళ్ళ లక్షణమని నాకు కంఠతా వచ్చు. ఇన్ని గుర్తులు ఒక్క మనిషిలో దొరకడం నా అదృష్టం అనుకున్నాను. మామ నూలిచ్చి కూలికి నేయించుకునే వేరే ముదలాళితో మాట్లాడుకుని, నాయనకి చెప్పకుండా మగ్గం ఎత్తుకుపోయే ఆలోచనలో ఉన్నాడని తేల్చేశాను.

ఆదివారం నాయన ఒంటరిగా దొరికినప్పుడు, మామ ఏదో దాస్తున్నాడని, జాగ్రత్తగా ఉండమని చెప్పాను. నాయన మెడ వెనక రుద్దుకున్నాడు. నా వంక చూడలేదు. "నీకు ఈపొద్దు అంగడి లేదా?" అన్నాడు. ఆదివారం అంగడి ఉండదని ఆయనకి తెలుసు. మెడ రుద్దుకోవడం, చూపు తప్పించడం, మాట మార్చడం, మూడూ ఒకేసారి. అంటే నాయన కూడా ఏదో దాస్తున్నాడు. ఆ రాత్రి ఒకే కప్పు కింద ఇద్దరు దొంగలతో బతుకుతున్నానని బాధపడుతూనే నిద్రపోయాను.

ఆ వారంలోనే సాక్ష్యం కూడా దొరికింది. మా వీధికి కొళాయి నీళ్ళు రెండు రోజులకొకసారి పొద్దున ఐదింటికి వచ్చేవి. నీళ్ళు పట్టడం నా పని. బిందెలు తీసుకుని ముందు గదిలోంచి పోతుంటే, నాయన మామ మగ్గంలో కూర్చుని ఉన్నాడు. తన మగ్గంలో కాదు. బల్బు కిందికి దించుకుని, మగ్గానికి నిలువుగా బిగించిన మామ పడుగు మీదికి వంగి, పోగులతో ఏదో చేస్తున్నాడు. నన్ను చూసి గభాలున లేచి, నా చేతిలో బిందె లాక్కుని, నీళ్ళు తనే పడతానన్నాడు. నేను పుట్టినప్పటి నుంచీ నాయన బిందె ముట్టింది లేదు. మామ వెళ్ళిపోతున్నాడని తెలిసి, నాయన ఆయన నేతని చెడగొడుతున్నాడని నాకు అర్థమైపోయింది. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు భయమేసింది. వాళ్ళిద్దరూ విడిపోతే ఆ ఇల్లు ఎట్లా ఉంటుందో ఊహించుకోలేకపోయాను. నేనే ఏదో ఒకటి చేసి కాపాడాలనుకున్నాను. మనుషుల మధ్య గొడవలు తీర్చడం గురించిన పుస్తకం అప్పటికి సగం అయింది. మనసులో ఉన్నదాన్ని నలుగురి ముందు బయటపెట్టించేస్తే పగలు కరిగిపోతాయని అందులో ఉంది. (ఆ వాక్యం చివర మడతలో ఇంకేదో ఉంది. ఎప్పుడు బయటపెట్టించకూడదో అక్కడ రాసి ఉంటారని ఇప్పుడు అనుమానం.)

మా వీధిలో నలుగురూ ఒకచోట చేరేది పడుగుకి గంజి పెట్టే రోజున. తెల్లారి ఎండ ముదరకముందే పడుగుని వీధి పొడుగునా చాచి, ఈ చివర ఒకరు ఆ చివర ఒకరు పట్టి బిగిస్తే, మధ్యలో మిగతావాళ్ళు గంజి పూసి కుంచెలతో దువ్వుతారు. ఎవరి పడుగైనా వీధిలో అందరూ రావాల్సిందే. ఈ చివరా ఆ చివరా పట్టేవాళ్ళ బిగువు ఒకటిగా లేకపోతే పోగులు పటపటా తెగుతాయి. మా పడుగైనా మామ పడుగైనా ఆ చివర ఆయన, ఈ చివర నాయన. వేరేవాళ్ళు పట్టగా నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు కుంచెలు సగం దాకా వచ్చాయి. నేను వీధి మధ్యకి వెళ్ళి నిలబడి, అంగడిలో అలవాటైన గొంతుతో, "మామా, నువ్వు మా నాయన దెగ్గర ఏందో దాస్తాండావు. నాయనా, తెల్లారకముందే మామ మగ్గం కాడ ఏం జేస్తాండావో నువ్వూ చెప్పు. ఇద్దురూ చెప్పేస్తే మనసులు తేలికైతాయి" అన్నాను.

కుంచెలన్నీ ఆగిపోయాయి. గంజి కాచే ముసలమ్మ గరిటె పైకెత్తి అట్లాగే ఉండిపోయింది. ఎవరి మొహం చూసినా నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అన్ని పుస్తకాలు చదివినదాన్ని, అంతమంది మొహాలు ఒకేసారి మూసుకుపోతే ఏమిటో తెలియలేదు. మామ ఆ చివర తల వంచుకుని నిలబడ్డాడు. గంజి ఆరిపోతుందని నాయన అన్నాడు. అంతే. మళ్ళీ దువ్వడం మొదలైంది. పడుగు చుట్టి లోపల పెట్టాక మామ తన మగ్గం దగ్గరికి వెళ్ళి, దాని తాళ్ళు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు.

నేను వంటింట్లోకి పరిగెత్తాను. నేను చెప్పిందే నిజమైందని, మామ వెళ్ళిపోతున్నాడని అన్నాను. అమ్మ పొయ్యి ఆర్పేసి నా వైపు తిరిగింది. "మీ మామకి కండ్లు కనపడ్డంలేదు. ఆర్నెల్లైంది. తెగిన పోగులు మీ నాయన ముడేస్తాండాడు, నీలం కండెలు ఒక గంపలో, నల్లవి ఒక గంపలో సర్ది పెడతాండాడు. ఈ సంగతి నాకు తెలుసు, మీ అత్తకి తెలుసు, గంజి కాసే ముసిలామెకి తెలుసు. ఇంత చదువు చదివినదానివి, నీకొక్కదానికే తెల్దు" అంది. తిట్టినా బాగుండేది. అమ్మ తిట్టలేదు. ముదలాళికి తెలిస్తే మామకి పడుగు ఇవ్వడు, ఆపరేషనంటే మామకి భయం, ఉన్న కాస్త చూపూ పోతుందని. అందుకని ఎవరూ నోరెత్తకుండా ఆర్నెల్లుగా ఈ సంసారం నడిపిస్తున్నారు. దాన్ని నేను వీధి మధ్యలో, అందరి ముందు, మనసులు తేలికవ్వాలని తెగ్గొట్టాను.

సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. మామ దగ్గరికి వెళ్ళి గుంట అంచున కూర్చున్నాను. క్షమించమని అడగడానికి ఏ మాట వాడాలో ఒక పుస్తకంలో ఏడు రకాలు ఉన్నాయిగానీ, ఒక్కటీ నోటికి రాలేదు. నాయన ముడివేస్తున్నాడని నీకు ఎట్లా తెలుసని మాత్రం అడిగాను. మామ విప్పుతున్న తాడు వదిలి పోగుల మీద చెయ్యి ఆనించాడు.

"మీ నాయనది ఎడమ చెయ్యి. ఆయనేసే ముడి ఎదురుగా తిరిగుంటాది. కండ్లకి కనపడకపోతే ఏమి, వేళ్ళకి తెలీదా? పొద్దున్నే వచ్చి చెయ్యి పెడతానే తెలిసిపోతాది, ఈపొద్దు బావ ఎన్ని ముళ్ళేసినాడని."

"మరి చెప్పలేదేంది మామా?"

"చెప్తే ఆయనకి సిగ్గు. నాకూ సిగ్గే. చెప్పకుండా ఉంటే ఇద్దరికీ బాగుండాది కదమ్మా. ఇప్పుడు వీధంతా తెలిసిపోయె. నా పని ఆయన చేసేది ఊరంతా చూస్తా ఉంటే నేను ఈడ ఎట్ల కూర్చుందును?"

వేలూరులో కంటి ఆస్పత్రికి పోదామన్నాను. రానన్నాడు. ఎదుటివాళ్ళని ఒప్పించే పద్ధతులు నాకు తెలిసినవి మూడు. ముందు ఆయన మాటతో ఏకీభవించాను, తర్వాత లాభాలు చెప్పాను, ఆ తర్వాత నిర్ణయం ఆయనకే వదిలేస్తున్నట్టు నటించాను. ఆయన ఆ నిర్ణయాన్ని సంతోషంగా తీసుకుని ఇంకో తాడు విప్పాడు. ఇంక నా దగ్గర పద్ధతులు లేవు. ఏడ్చాను. పద్ధతిగా కాదు, చీమిడి కారేట్టు, వెక్కివెక్కి. ఎంతసేపు ఏడ్చానో. చివరికి మామ చెయ్యి చాపి వెతికి నా తల మీద పెట్టాడు. "ఊరుకో బిడ్డా, వస్తాను. నీ మొగం కనపడకపోయినా ఏడుపు వినపడతానే ఉండాది" అన్నాడు. వెనక నాయన ఎప్పుడొచ్చాడో తెలియదు. వంగి, మామ విప్పిన తాళ్ళన్నీ మొదటి నుంచి మళ్ళీ కట్టాడు.

ఆ మరుసటి వారం ముగ్గురం వేలూరు బస్సెక్కాం. అట్టల సారు రెండు రోజులు సెలవిచ్చారు. అది కంటి మీద పొర మాత్రమేనని, ఇన్నాళ్ళు ఎందుకు ఆగారని డాక్టరమ్మ అడిగితే, ముగ్గురం ముగ్గురివైపు చూసుకున్నాం. (మామ చూసింది గోడవైపు.) ముందు కుడి కంటికి చేశారు. మర్నాడు కట్టు విప్పినప్పుడు ఎదురుగా నాయన నిలబడి ఉన్నాడు. మామ ఆయన్ని చాలాసేపు, పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏం బావా, ఇంత ముసిలోడివి ఎప్పుడైపోయినావు?"

"నువ్వు చూడకుండా ఉన్న ఆర్నెల్లల్లో" అన్నాడు నాయన. ఆ తర్వాత ఇద్దరూ టీ తాగడానికి వెళ్ళారు. నన్ను పిలవడం మరిచిపోయారు.

మామ చూపు బాగుపడింది. నీలాన్నీ నలుపునీ తనే చూసుకునేవాడు, తెగిన పోగులు తనే ముడివేసుకునేవాడు. గేటు దగ్గర్నుంచే నన్ను పలకరించడం మొదలుపెట్టాడు. అంతా సుఖాంతమే కానీ, నాయనకి మాత్రం ఏమీ తోచేది కాదు. అలవాటు కొద్దీ నాలుగున్నరకే లేచేవాడు. బల్బు వేసేవాడు, మామ మగ్గం దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు, అక్కడ చేయడానికేమీ లేక ఆర్పేసి వచ్చి మంచం మీద కూర్చునేవాడు. నీళ్ళు పట్టడానికి లేచినప్పుడల్లా చూసేదాన్ని. జాలేసేది. ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ లేదు.

ఒక సాయంత్రం నేను అంగడి నుంచి వచ్చేసరికి మామ ఇంటికి పోవడానికి లేస్తున్నాడు. నాయన వీధిలో చేతులు కడుక్కుంటున్నాడు. మామ గుంటలోంచి పైకి వచ్చి, వీధి వైపు ఒకసారి చూసి, మళ్ళీ వంగి, పడుగులో మంచి పోగులు మూడింటిని వేలితో పట్టుకుని పుటుక్కున తెంపాడు. వాటిని అట్లాగే వదిలేసి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళబోతూ నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. కొత్త కళ్ళేమో, నేరుగా నా కళ్ళలోకే చూశాడు. నేను పక్కకి జరిగి దారిచ్చాను.

మర్నాడు నీళ్ళ రోజు. నాలుగున్నరకి నాయన లేచిన అలికిడి వినపడింది, బల్బు వేసిన చప్పుడు, మామ మగ్గం బల్ల కిర్రుమన్న చప్పుడు. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ముళ్ళు వేసేవాళ్ళ దగ్గర చప్పుడుండదు. నేను ఆ గదిలోంచి బిందెలు తీసుకుపోవాలి. నన్ను చూస్తే నాయన మళ్ళీ గభాలున లేచిపోతాడు. దుప్పటి మొహం మీదికి లాక్కుని పడుకున్నాను. ఇంట్లో చుక్క నీళ్ళు లేవని ఆ రోజంతా అమ్మ తిట్టింది, నాకు ఏమొచ్చిందో ఏమోనని అట్టల సారుకి ఫోను కూడా చేయబోయింది. అన్ని పుస్తకాలు సగం సగం చదివిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల, మనుషుల గురించి తెలిసి చేసిన పని బతుకు మొత్తం మీద అదొక్కటే. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల మీద నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.